ఒకే కార్డు, రెండు గడువులు

2025 జూన్‌లో తోతాపురి కాయను అడిగేవాళ్లు లేక చిత్తూరు జిల్లా రైతులు పడిన అవస్థ గుర్తుండే ఉంటుంది. కిలోకు 12 రూపాయలు దక్కాలని, అందులో 8 రూపాయలు గుజ్జు ఫ్యాక్టరీలు ఇస్తే మిగతా 4 తాను కలుపుతానని ప్రభుత్వం చెప్పింది. ధర సంగతి అలా ఉంచితే, ఫ్యాక్టరీల గేట్ల ముందు ట్రాక్టర్లూ లారీలూ రోజుల తరబడి బారులు తీరాయి. వరుస కదలకపోతే డ్రైవరుకు పనేముంటుంది? టీ తాగడం, ఫోను చూసుకోవడం, పక్కవాడితో వాదన పెట్టుకోవడం. బంగారుపాళ్యం దగ్గర అలాంటి ఒక వరుస పక్కన, టీ కొట్టు బెంచీ మీద కూర్చుని నేను విన్న వాదన లైసెన్సు గురించి.

పడుచు డ్రైవరొకడు జేబులోంచి కార్డు తీసి బెంచీ మీద పెట్టాడు. “నాకు 2036 దాకా ఢోకా లేదన్నా” అన్నాడు. ఎదురుగా కూర్చున్న పెద్దాయన కళ్లజోడు పెట్టుకుని, కార్డును వెలుతురుకు పట్టి చూశాడు. తర్వాత బొటనవేలి గోటితో కింది వరుస చూపించాడు. “అది నీ కారుకు, నీ మోటారు సైకిలుకు నాయనా. లారీకి ఇదిగో, ఇది.” గోరు ఆగిన చోట ఉన్న తేదీ 2025 మార్చి 11. అప్పటికి మూడు నెలలుగా ఆ కుర్రవాడు చట్టం దృష్టిలో లైసెన్సు లేకుండా లారీ నడుపుతున్నాడు. జేబులో కార్డు ఉంది, కార్డు మీద బతికున్న తేదీ కూడా ఒకటుంది. అయినా లైసెన్సు లేదు.

ఈ చిక్కు అతనొక్కడిదే కాదు. అలిపిరి దగ్గర టాక్సీల వాళ్లు, పలమనేరు నుంచి బెంగళూరుకు కూరగాయల లోడు తోలేవాళ్లు, స్కూలు బస్సుల డ్రైవర్లు, ఎవరిని కదిలించినా “లైసెన్సు ఎన్నాళ్లు?” అన్న ప్రశ్నకు ఒక్కొక్కరు ఒక్కో లెక్క చెబుతారు. ఒకరు మూడేళ్లంటారు, ఒకరు ఐదంటారు, ఇంకొకరు ఇరవై అంటారు. తమాషా ఏమిటంటే, వాళ్లలో ఎవరూ పూర్తిగా తప్పు చెప్పడం లేదు.

గుత్తిలో ఎన్ని తాళం చెవులు

డ్రైవింగ్ లైసెన్సును ఒక అనుమతిగా చూడటం దగ్గరే పొరపాటు మొదలవుతుంది. అది తాళం చెవుల గుత్తి. గేరున్న మోటారు సైకిలుకు ఒకటి, ఎల్ఎంవి అని రాసే తేలికపాటి వాహనానికి ఒకటి, రవాణా వాహనానికి మరొకటి. కార్డు మీద గడువు రాసేటప్పుడు వీటన్నిటినీ రెండు కుప్పలు చేస్తారు. ఎన్‌టి అని ఉన్నది సొంత వాహనాల గడువు. టిఆర్ అని ఉన్నది రవాణా వాహనాల గడువు. ఆ రెండక్షరాలు ఎంత చిన్నగా ఉంటాయంటే, చదువుకున్నవాళ్లు కూడా పైనున్న పెద్ద సంవత్సరాన్ని చూసి కార్డును జేబులో పెట్టేసుకుంటారు.

రవాణా వాహనం అంటే లారీ ఒక్కటే కాదు. సరుకు మోసే బండి, కిరాయికి జనాన్ని ఎక్కించుకునే బండి, విద్యాసంస్థల బస్సు, ఉద్యోగులను చేరవేసే కంపెనీ వాహనం, అన్నీ మోటారు వాహనాల చట్టం దృష్టిలో రవాణా వాహనాలే. ఆ తాళం చెవి చేతికి రావాలంటే వయసు 20 నిండాలి. అంతకుముందు కనీసం ఏడాది ఎల్ఎంవి లైసెన్సు ఉండి ఉండాలి. ఎనిమిదో తరగతి చదివి ఉండాలన్న నిబంధన కూడా ఒకప్పుడు ఉండేది, దాన్ని 2019లో తీసేశారు. చదువు లేకపోయినా స్టీరింగు మీద చెయ్యి తిరిగిన ఎందరికో అది మేలు చేసింది.

ఇక గడువు. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 14వ సెక్షన్ 2019 దాకా రవాణా లైసెన్సుకు మూడేళ్లిచ్చింది. సొంత వాహనాల లైసెన్సుకు 20 ఏళ్లు, లేదా 50 ఏళ్ల వయసు వచ్చేదాకా, ఏది ముందైతే అది. 2019లో పార్లమెంటు ఈ లెక్కలన్నీ మార్చింది. ఆ ఏడాది సెప్టెంబరు 1 నుంచి రవాణా లైసెన్సు గడువు ఐదేళ్లయింది. సొంత వాహనాల లెక్క మాత్రం మెట్ల లెక్కగా మారింది. 30 నిండనివాళ్లకు 40 ఏళ్ల వయసు వచ్చేదాకా లైసెన్సు ఉంటుంది. 30కీ 50కీ మధ్యవాళ్లకు తీసుకున్న రోజు నుంచి పదేళ్లు. 50 నిండి 55 నిండనివాళ్లకు 60 ఏళ్ల వయసు వచ్చేదాకా. 55 దాటాక ఐదేసి ఏళ్లు.

మన కుర్రవాడి కార్డు ఇప్పుడు చదవండి. 2016లో, 22 ఏళ్ల వయసులో కారు లైసెన్సు తీసుకున్నాడు. అప్పటి లెక్క ప్రకారం 20 ఏళ్లు కలిపితే 2036. చట్టం తర్వాత మారినా అప్పుడు ఇచ్చిన తేదీ అలాగే ఉంది. లారీ నడపడానికి కావలసిన హెవీ లైసెన్సు 2020 మార్చి 12న తీసుకున్నాడు. కొత్త లెక్కలో ఐదేళ్లంటే 2025 మార్చి 11. రెండు చట్టాల కాలాలు ఒకే ప్లాస్టిక్ ముక్క మీద పక్కపక్కన కూర్చున్నాయి. అతను తనకు నచ్చిన తేదీని చదువుకున్నాడు.

పెంచిన చెయ్యే కోసింది

మూడేళ్లను ఐదేళ్లు చేశారన్న వార్త బాగానే పాకింది. దాంతోపాటే చట్టంలోంచి ఇంకొకటి మాయమైందన్న సంగతి మాత్రం పెద్దగా పాకలేదు. పాత 14వ సెక్షన్ చివర ఒక వాక్యం ఉండేది: గడువు తీరినా ఆ తర్వాత 30 రోజుల పాటు లైసెన్సు చెల్లుతుందని. డ్రైవర్లందరికీ నోటికి వచ్చిన “నెల రోజుల టైము” అదే. 2019 సవరణ ఆ వాక్యాన్ని తీసేసింది. దాంతో గడువు 11వ తేదీ అంటే, 12వ తేదీ ఉదయం నుంచి లైసెన్సు లేనట్టే అయింది.

దీనికి తోడు 15వ సెక్షన్ ఒక గందరగోళం పెట్టింది. రెన్యూవల్‌కు గడువు తీరడానికి ఏడాది ముందు నుంచి, తీరిన తర్వాత ఏడాది లోపల దరఖాస్తు చేసుకోవచ్చని అది చెబుతుంది. జనం దీన్ని “ఏడాది దాకా పరవాలేదట” అని అర్థం చేసుకున్నారు. పరవాలేనిది దరఖాస్తుకు, బండి నడపడానికి కాదు. ఆ ఏడాదిలో మళ్లీ పరీక్ష పెట్టకుండా రెన్యూవల్ చేస్తారు, అంతే. పైగా అలా ఆలస్యంగా చేసుకున్న రెన్యూవల్ పాత గడువు తీరిన రోజు నుంచి కాక, రెన్యూవల్ చేసిన రోజు నుంచి లెక్కకు వస్తుంది. మార్చిలో తీరి జూలైలో రెన్యూవల్ అయితే, మధ్యలోని నాలుగు నెలలు ఎప్పటికీ ఖాళీగానే ఉండిపోతాయి.

ఆ ఖాళీ ఎంత ఖరీదైనదో 2025 డిసెంబరులో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. తెలంగాణ పోలీసు నియామక మండలి డ్రైవరు పోస్టులకు ఇచ్చిన ప్రకటనలో, అభ్యర్థికి అప్పటికి రెండేళ్లుగా ఎడతెగకుండా లైసెన్సు ఉండాలన్న షరతు ఉంది. కొందరికి మధ్యలో గడువు తీరి, తర్వాత రెన్యూవల్ అయింది. ఏడాది లోపలే రెన్యూవల్ చేయించుకున్నాం కదా, చట్టమే ఆ అవకాశం ఇచ్చింది కదా అన్నది వాళ్ల వాదన. హైకోర్టు వాళ్లకు అనుకూలంగా చెప్పింది. సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. గడువు తీరిన మరుసటి రోజు నుంచి నడిపే హక్కు లేదు, హక్కు లేని రోజులున్నాక దాన్ని ఎడతెగని లైసెన్సు అనలేం అన్నది సారాంశం. నిజానికి చట్టం చదివితే ఇందులో కొత్తదేమీ లేదు. కానీ మన దగ్గర చట్టం మారినప్పుడు కాక, ఎవరి ఉద్యోగమో పోయినప్పుడు సంగతి తెలుస్తుంది.

జనం మనసులో ఈ ధీమా నాటుకోవడానికి కరోనా కూడా కొంత కారణం అనుకుంటాను. 2020 ఫిబ్రవరి 1 తర్వాత గడువు తీరిన లైసెన్సులు, పర్మిట్లు, ఫిట్‌నెస్ పత్రాలు చెల్లుతాయని కేంద్రం ప్రకటించి, ఆ వెసులుబాటును విడతలు విడతలుగా 2021 అక్టోబరు 31 దాకా పొడిగించింది. గడువు అంటే ఎప్పటికప్పుడు జరిగే తేదీ అన్న అలవాటు అప్పుడే పడింది. వెసులుబాటు పోయింది, అలవాటు ఉండిపోయింది.

కువైట్ నుంచి వచ్చినవాళ్ల సంగతి

ఏడాది దాటితే కథ వేరు. పాత చట్టంలో గడువు తీరి ఐదేళ్లు దాటితేనే మళ్లీ పరీక్ష మాట వచ్చేది, అది కూడా అధికారి విచక్షణ మీద. సవరణ ఆ ఐదేళ్లను ఒక ఏడాదికి కుదించి, విచక్షణను తీసేసింది. ఏడాది దాటాక పరీక్షలో నెగ్గితే తప్ప రెన్యూవల్ చేయకూడదు.

దీని దెబ్బ ఎక్కువగా ఎవరికి తగిలిందో పీలేరు, రాయచోటి వైపు బస్సెక్కితే తెలుస్తుంది. అక్కడి ఊళ్ల నుంచి కువైట్‌కు డ్రైవర్లుగా వెళ్లినవాళ్లు ఎందరో. ఐదారేళ్లు అక్కడ షేకుల ఇళ్లలో బండ్లు నడిపి, నాలుగు రాళ్లు వెనకేసుకుని, ఇక్కడికొచ్చి ఒక లారీయో టెంపోనో కొనుక్కుందామనుకుంటారు. ఈలోగా ఇక్కడి హెవీ లైసెన్సు గడువు తీరి రెండేళ్లయి ఉంటుంది. ఎడారి రోడ్ల మీద లక్షల కిలోమీటర్లు తిరిగినవాడు, ట్రాక్ మీద బండిని వెనక్కి తిప్పి చూపించమంటే నవ్వాలో ఏడవాలో తెలియక నిలబడతాడు. చెయ్యి అక్కడి అలవాటులో పడి ఉంటుంది, పైగా అక్కడ కుడివైపు నడపడం. ఒక విధంగా పరీక్ష పెట్టడమే మంచిదనిపిస్తుంది. కానీ ఊరికి సెలవు మీద వచ్చినప్పుడు, గడువుకు ఏడాది ముందే దరఖాస్తు పెట్టుకునే వీలుందని వాళ్లకు ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది.

రెన్యూవల్ పని చెప్పుకోదగ్గ కష్టమేమీ కాదు. రవాణా లైసెన్సుకు వయసుతో నిమిత్తం లేకుండా డాక్టరు సంతకం చేసిన ఆరోగ్య ధ్రువపత్రం, ఫారం 1ఎ కావాలి. సొంత వాహనాల లైసెన్సుకైతే 40 దాటాకే ఆ అవసరం. కేంద్ర నియమాల్లో రెన్యూవల్ రుసుము 200 రూపాయలు, కార్డు ఖర్చూ సర్వీసు ఛార్జీలూ వేరు. చాలామంది ఈ పని బ్రోకరుకు అప్పజెప్పేస్తారు. కంటి పరీక్ష అసలు జరగకుండానే ఫారం నిండిపోతే నష్టపోయేది ఎవరు? రాత్రి రెండు గంటలకు మొగిలి ఘాట్‌లో ఎదురుగా వచ్చే బండి దీపాల వెలుగుకు కళ్లు చెదిరేది బ్రోకరుకు కాదు.

ఏడున్నర టన్నుల గీత

ఇప్పటిదాకా చెప్పిందంతా ఒక ఎత్తు, దీన్ని మరింత చిక్కు చేసినది ఇంకో ఎత్తు. రవాణా వాహనం నడపాలంటే ప్రతిసారీ టిఆర్ ఉండాల్సిందేనా?

చట్టంలో తేలికపాటి వాహనం అన్న నిర్వచనమే రవాణా వాహనాన్ని కూడా కలుపుకుంటుంది. 7,500 కిలోలు మించకపోతే చాలు. ఈ 7,500ను కొలిచే పద్ధతి రెండు రకాలు. సరుకు బండికైతే లోడుతో కలిపి అనుమతించిన మొత్తం బరువు చూస్తారు. కారు, ట్రాక్టరు, రోడ్డు రోలరుకైతే ఖాళీ బరువు. మామిడికాయల ట్రాక్టరుకూ దాని వెనక లారీకీ ఒకే అంకె వర్తించినా, తూకం వేరు.

మరి టాటా ఏస్, బొలెరో పికప్, కిరాయి కారు లాంటివి ఎల్ఎంవి లైసెన్సుతో నడపొచ్చా, వేరే అనుమతి కావాలా? ఏళ్ల తరబడి బీమా కంపెనీలు ఈ ప్రశ్న మీదే పరిహారాలు ఎగ్గొట్టే ప్రయత్నం చేశాయి. ముకుంద్ దేవాంగన్ కేసులో 2017లో సుప్రీంకోర్టు ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం వేరే అనుమతి అక్కర్లేదంది. మరుసటి ఏడాది ఏప్రిల్‌లో కేంద్ర రవాణా శాఖ కూడా రాష్ట్రాలకు అదే మాట రాసింది. టాక్సీలకూ ఆటోలకూ బ్యాడ్జి, అంటే కిరాయి బండి నడపడానికి లైసెన్సు మీద వేయించుకునే అనుమతి, అక్కర్లేదన్న ప్రచారం మొదలైంది అప్పుడే. బీమా కంపెనీలు ఊరుకోలేదు. వ్యవహారం ఐదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం దాకా వెళ్లింది. 2024 నవంబరు 6న రంభా దేవి కేసులో ఆ ధర్మాసనం పాత తీర్పునే నిలబెట్టింది. మొత్తం బరువు 7,500 కిలోల లోపు ఉన్న రవాణా వాహనాన్ని ఎల్ఎంవి లైసెన్సుతో నడపొచ్చు. రవాణా వాహనాలకు చట్టం పెట్టిన అదనపు అర్హతలు ఆ బరువు దాటిన బండ్లు నడిపేవాళ్లకే. ప్రమాదకర సరుకుల వాహనాలకు, ఈ-రిక్షాలకు ఉన్న ప్రత్యేక నియమాలు మాత్రం అలాగే ఉంటాయి.

దీన్ని గడువు లెక్కకు తెచ్చి చూడండి. అలిపిరి టాక్సీ డ్రైవరుకు టిఆర్ తేదీ తీరిపోయి, ఎన్‌టి తేదీ 2036 దాకా ఉందనుకుందాం. అతని కారు ఏడున్నర టన్నుల గీతకు ఎంతో కింద ఉంది. ఎల్ఎంవి తాళం చెవి ఇంకా పనిచేస్తోంది కాబట్టి, రంభా దేవి తీర్పు ప్రకారం అతని వైపు బలమైన వాదన ఉంది. అదే కార్డు, అవే తేదీలు ఉన్న బంగారుపాళ్యం కుర్రవాడికి ఆ వాదన అక్కరకు రాదు. అతని కింద ఉన్నది పది చక్రాల లారీ. అలాగని టాక్సీ డ్రైవర్లు టిఆర్ తేదీని గాలికొదిలేయాలని నేను చెప్పను. రోడ్డు మీద ఆపిన బ్రేక్ ఇన్‌స్పెక్టరు ముందు రాజ్యాంగ ధర్మాసనం తీర్పు గురించి వాదించడం కన్నా, కార్డు చూపించి ముందుకు పోవడం తేలిక. కొండ మీద దర్శనం టైము పెట్టుకున్న యాత్రికులు వెనక సీట్లో ఉన్నప్పుడు మరీను.

పెట్రోలు, గ్యాస్ ట్యాంకర్ల వాళ్లది వేరే వరుస. ప్రమాదకర సరుకులు మోసే డ్రైవరు లైసెన్సుకు ఒకప్పుడు ఒక్క ఏడాదే గడువు ఉండేది, ఇప్పుడు మూడేళ్లు. ప్రతి రెన్యూవల్‌కూ ఒక రోజు శిక్షణ తప్పనిసరి.

యజమాని ఎటు చూస్తాడు

లారీ యజమానులకు తేదీల స్పృహ లేదని ఎవరూ అనలేరు. ఎఫ్‌సి, అంటే ఫిట్‌నెస్ పత్రం, ఎప్పుడు తీరుతుందో, పర్మిట్టు ఎప్పటిదాకా ఉందో, బీమా ఏ నెలలో కట్టాలో నిద్రలో లేపి అడిగినా చెబుతారు. అవి బండి కాగితాలు. డ్రైవరు లైసెన్సు మాత్రం డ్రైవరు జేబులో ఉంటుంది కాబట్టి, అది అతని తలనొప్పి అన్నట్టు వదిలేస్తారు. చట్టం అలా వదలదు. లైసెన్సు లేకుండా నడిపినవాడికి 181వ సెక్షన్ కింద 5,000 రూపాయల జరిమానా, లేదా మూడు నెలల దాకా జైలు, లేదా రెండూ. అలాంటివాడి చేతికి బండి ఇచ్చిన యజమానికి 180వ సెక్షన్ కింద అంతే శిక్ష. 2019కి ముందు ఈ జరిమానాలు వరుసగా 500, 1,000 రూపాయలు. అందుకే అప్పట్లో ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు.

జరిమానా చిన్న దెబ్బ. ప్రమాదం జరిగితే తగిలేదే పెద్ద దెబ్బ. స్వరణ్ సింగ్ కేసులో 2004లో సుప్రీంకోర్టు చెప్పిన దారి ప్రకారం, డ్రైవరుకు సరైన లైసెన్సు లేదన్న ఒక్క కారణంతో బీమా కంపెనీ బాధితులను వట్టి చేతులతో పంపలేదు. యజమాని నిర్లక్ష్యాన్ని కంపెనీ రుజువు చేయాలి. రుజువు చేసినా చాలా కేసుల్లో కోర్టులు ముందు బాధితుడికి కట్టించి, తర్వాత యజమాని దగ్గర రాబట్టుకోమంటాయి. రాబట్టుకునేటప్పుడు పోయేది లారీయో, పొలమో, ఇల్లో.

బాధితుడు డ్రైవరే అయితే? 2020లో బేలీ రామ్ కేసులో సుప్రీంకోర్టు ముందుకు సరిగ్గా ఇదే వచ్చింది. ట్రక్కు నడుపుతూ గాయపడిన డ్రైవరు పరిహారం అడిగాడు. అతని లైసెన్సు గడువు తీరి మూడేళ్లయినా రెన్యూవల్ కాలేదు. పనిలో పెట్టుకునేటప్పుడు లైసెన్సు చూశాను, అది అసలైనదే, ఆ తర్వాత నాకేం తెలుసు అన్నది యజమాని వాదన. ఒకసారి చూసి ఊరుకుంటే చాలదు, గడువు తీరే తేదీ కార్డు మీదే ఉంటుంది కాబట్టి రెన్యూవల్ అయిందో లేదో కనుక్కోవడం యజమాని బాధ్యతే అంది కోర్టు. పరిహారం భారం బీమా కంపెనీ మీద కాక యజమాని మీద పడింది. తెలిసిన లారీ యజమానులకు ఈ కేసు సంగతి చెబితే, చాలామంది ముందు నమ్మలేదు. తర్వాత ఫోను తీసి డ్రైవర్లకు చేశారు.

బంగారుపాళ్యంలో ఆ రోజు కూడా ఒక ఫోను మోగింది. పెద్దాయన చూపించిన తేదీని కుర్రవాడు నాలుగైదు సార్లు చదువుకుని, కార్డును అటూ ఇటూ తిప్పి, చివరికి యజమానికి చేశాడు. అవతలి మాటలు నాకు వినిపించలేదు కానీ, అతను ఫోనును చెవికి కొంచెం దూరంగా పట్టుకున్నాడు. గంటన్నర తర్వాత ఇంకో డ్రైవరు మోటారు సైకిలు మీద వచ్చాడు. తన లైసెన్సు తీసి, అడగకుండానే పెద్దాయనకు చూపించాడు. అప్పుడే వరుసలో కదలిక వచ్చింది. కొత్తాయన స్టీరింగు వెనక ఎక్కాడు. కుర్రవాడు తలుపు పట్టుకుని ఒక క్షణం ఆగి, క్లీనరును మధ్యకు జరగమని, మూడు నెలలుగా తాను తోలిన లారీలో ఎడమవైపు సీట్లో కూర్చుని కాటా దాకా వెళ్లాడు.